అన్నప్రాశనము – అలెర్జీ భయము

శిశువు నోట తొలిమెతుకు పెట్టు దినము మన గృహములందు పండుగ దినము. పూర్వులు దీనిని షోడశ సంస్కారములలో నొకటిగా నెన్ని, ఆఱవ మాసమున జరుపవలెనని విధించిరి. ఆశ్వలాయన గృహ్యసూత్రమును, మనుస్మృతియు ఈ విషయమున ఏకాభిప్రాయము గలవియే. ఇట్టి శుభకార్యమునందు నేడొక క్రొత్త భయము ప్రవేశించినది. తండ్రికి ఉబ్బసము, తల్లికి ఎడతెగని తుమ్ములు, తోబుట్టువునకు దద్దుర్లు గల యింట, పుట్టిన బిడ్డకు ఏది పెట్టిన ఏమగునో యని పెద్దలు బెంగగొని, పండుగ జరిపియు బిడ్డ కడుపునకు అన్నము చేరనీయకున్నారు. ఈ భయము ఎంతవఱకు సమంజసమో, శాస్త్రము నేడేమి చెప్పుచున్నదో విచారించుట అవసరమని మేము తలంచుచున్నాము.

ఇటీవల మేము కోరుకొండకు పోయియుంటిమి. శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కొండ దిగువ, మెట్లచెంత, ఒక కుటుంబము నీడపట్టున కూర్చుండియుండెను. ఆఱుమాసములు నిండిన మగబిడ్డకు ఆనాడే అన్నప్రాశనము. వెండిగిన్నెలో పరమాన్నముండెను. తల్లి ఉంగరపు కొనతో దానిని బిడ్డ పెదవికి తాకించి, గిన్నెను ప్రక్కనుంచెను. బిడ్డ గిన్నెవంక చేతులు చాచుచుండెను. “ఇంతేనా, అమ్మా?” యని మేమడుగగా అమ్మమ్మ బదులు చెప్పెను: “ఏం చేస్తామండి బాబూ! వీడి నాన్నకి ఉబ్బసం. వీడి అక్కకి ఒళ్ళంతా దద్దుర్లు. ఏడాది నిండేదాకా పాలే గతి. గుడ్డూ, వేరుశనగా మూడేళ్ళదాకా వద్దన్నారండి, పెద్దదాని అప్పుడే.” బిడ్డ చెక్కిళ్ళపై ఎఱ్ఱని గరుకు మచ్చలుండెను. తల్లి మోము పాలిపోయియుండెను. తాను తిన్నది పాలద్వారా బిడ్డకు చేరునను వెఱపుతో ఆమె పురిటినాటినుండి పప్పును, గ్రుడ్డును, చేపను మాని, కారప్పొడి అన్నముతో కాలము గడుపుచున్నదట.

ఆ కుటుంబమునకు అట్టి సలహా నిచ్చిన వైద్యుని మేము తప్పుపట్టజాలము. ఒకప్పుడు లోకమంతయు అట్లే నమ్మెను. 1998లో బ్రిటిషు ప్రభుత్వము, అలెర్జీ గల కుటుంబములలోని గర్భిణులును బాలింతలును వేరుశనగను మానుట మంచిదనియు, వారి బిడ్డలకు మూడేండ్లవఱకు దానిని పెట్టవలదనియు సలహా నొసగెను. 2000 సంవత్సరమున అమెరికా దేశపు శిశువైద్యుల సంఘము ఇట్టి బిడ్డలకు ఆవుపాలు ఏడాదివఱకు, గ్రుడ్డు రెండేండ్లవఱకు, వేరుశనగ, జీడిపప్పు, చేపలు మూడేండ్లవఱకు ఈయరాదని చెప్పెను. ఆ సలహా సముద్రములు దాటి మన పట్టణములకు, అక్కడినుండి పల్లెలకు చేరెను. కాని 2008లో అమెరికా సంఘము, మఱుసటి సంవత్సరమున బ్రిటిషు ప్రభుత్వము తమ మాటను ఉపసంహరించుకొనినవి. మొదటి మాట ఊరూర వ్యాపించినంత వేగముగా, దానిని వెనుకకు తీసికొన్న వార్త వ్యాపింపలేదు. మన గృహములు నేటికిని రద్దయిన శాసనమును పాటించుచున్నవి.

ఇంతకును అలెర్జీ యన నేమి? మన భాషలో ‘పడదు’ అను చిన్నమాట యొకటి కలదు. ఆయనకు వంకాయ పడదందుము. ఆమెకు రొయ్య పడదందుము. 1902లో షార్ల్ రిషే, పోల్ పోర్త్యే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు, ఒకమాఱు శరీరమున ప్రవేశించిన పదార్థము రెండవమాఱు ప్రవేశించినపుడు ప్రాణాపాయము కలిగింపవచ్చునని కనిపెట్టిరి. 1906లో వియన్నా నగరపు శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే అలెర్జీ యను పదమును కల్పించెను. క్రిములనుండి కాపాడుటకు దేహమున నున్న రక్షణశక్తి, హానిలేని గ్రుడ్డును, పాలను, పుప్పొడిని శత్రువులని పొరబడి పోరునకు దిగుటయే అలెర్జీ. తల్లిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించునది ఈ పొరబడు స్వభావమే. ఫలానా వస్తువు పడకపోవుట కాదు. తండ్రికి రొయ్య పడనంతమాత్రమున కుమారునకును పడదనుటకు వీలులేదు. తల్లిదండ్రులలో ఒకరికి అలెర్జీ యున్నచో బిడ్డకు వచ్చు అవకాశము హెచ్చు. ఇరువురికి నున్నచో మఱింత హెచ్చు. ఎవరికిని లేకున్నను రావచ్చును. తొలిమాసములలోనే చర్మము పొడిబారి, ఎఱ్ఱబడి, దురదపెట్టు ఎగ్జిమా తీవ్రముగా కనబడుట అన్నిటికంటె గట్టి హెచ్చరిక.

పాతసలహా ఎట్లు తలక్రిందులయ్యెనో చెప్పుట అవసరము. 2008లో లండను నగరమందలి గిడియన్ లాక్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఒక వింతను బయటపెట్టిరి. బ్రిటనులోని యూదుల పిల్లలలో నూటికి 1.85 మందికి వేరుశనగ పడకుండెను. ఇశ్రాయేలులోని యూదుల పిల్లలలో నూటికి 0.17 మందికి మాత్రమే పడకుండెను. జాతి యొకటియే, తేడా పదిరెట్లు. ఇశ్రాయేలు తల్లులు ఏడాది నిండకమునుపే బిడ్డలకు వేరుశనగ చిరుతిండి నిచ్చుచుండిరి. బ్రిటనులోని తల్లులు సలహాను శిరసావహించి, దానిని దూరముగా నుంచుచుండిరి.

ఇది కేవలము కాకతాళీయమా యని తేల్చుటకు అదే లండనులో 640 మంది శిశువులపై పరీక్ష జరిగెను. అందఱును 4 మొదలు 11 మాసముల వయస్సువారు. అందఱికిని తీవ్రమగు ఎగ్జిమాయో, గ్రుడ్డు అలెర్జీయో, రెండునో యుండెను. సగము మందికి ఐదేండ్లు వచ్చువఱకు వారమునకు మూడు పర్యాయములకు తక్కువ కాకుండ వేరుశనగ పెట్టిరి. తక్కినవారికి బొత్తిగా మాన్పించిరి. 2015లో ఫలితములు వెలువడినవి. మొదట చర్మపరీక్షలో ఏమియు కనబడని శిశువులను చూడగా, మానినవారిలో నూటికి 13.7 మందికి వేరుశనగ అలెర్జీ యేర్పడెను, తిన్నవారిలో 1.9 మందికి మాత్రమే యేర్పడెను. చర్మపరీక్షలో కొలదిగా బొబ్బ కనబడినవారిలో ఈ సంఖ్యలు 35.3, 10.6. ఆ పిల్లలు పండ్రెండేండ్లు దాటినపిమ్మట మరల పరీక్షింపగా, ఆ రక్షణ నిలిచియే యున్నదని 2024లో తేలెను. జపానులో ఎగ్జిమా గల శిశువులకు, చర్మమునకు చికిత్స చేయుచు, ఆఱవ మాసమునుండి ఉడికించిన గ్రుడ్డు పొడిని మిక్కిలి స్వల్పముగా పెట్టిచూచిరి. 2017లో ప్రకటించిన ఆ ఫలితముల ప్రకారము, ఏడాది నిండునప్పటికి గ్రుడ్డు అలెర్జీ తిన్నవారిలో నూటికి 8 మందికి, తిననివారిలో 38 మందికి కలిగినది. కాపాడుటకై మాన్పిన ఆహారమే, మాన్పుటవలన శత్రువుగా మాఱినదన్నమాట!

దీనికి కారణమేమి? దేహము క్రొత్త పదార్థమును ఏ ద్వారమున తొలిసారి కలిసికొనునను విషయముపై చాల ఆధారపడియున్నదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. నోటిద్వారా కడుపునకు చేరిన దానిని దేహము బంధువుగా నెంచుట నేర్చుకొనును. పగిలిన చర్మముద్వారా చొరబడిన దానిని దొంగగా నెంచును. వేరుశనగనూనె కలిసిన లేపనములను చర్మమునకు పూసిన శిశువులలో వేరుశనగ అలెర్జీ హెచ్చుగా కనబడినదని 2003లో వెలువడిన బ్రిటిషు పరిశోధన యొకటి తెలిపెను. ఇంట నందఱును తిను పదార్థపు ధూళి బిడ్డ చర్మమునకు చేరక మానదు. నోటికి మాత్రము చేరనీయకున్నచో దొడ్డిదారి తెఱచి సింహద్వారము మూసినట్లగును. అభ్యాసముచేత దేహమునకు హితమైన దానిని చరకుడు ఓకసాత్మ్యమనెను. ఆయన యెఱిగినది నేటి పరిశోధన కాదు. ఐనను అలవాటు దేహమును మార్చునను ఎఱుక మనకు క్రొత్తది కాదు.

మన దేశమున ఆహారపు అలెర్జీ పాశ్చాత్యదేశములలో నున్నంత లేదు. బెంగుళూరు, మైసూరు ప్రాంతముల పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధనలో, నూటికి 26.5 మంది రక్తమునందు ఏదో యొక ఆహారమునకు ప్రతికూలముగా జాడ కనబడెను. కాని నిజముగా ఆహారము పడనివారు 1.2 మంది మాత్రమే. ఈ రెండు సంఖ్యలను ప్రతి తల్లియు, ప్రతి వైద్యుడును గోడపై వ్రాసికొనదగును. నేడు పట్టణములలో ఒక్క రక్తపుచుక్కతో పదులకొలది పదార్థములకు పరీక్ష చేసి పట్టికలిచ్చు పద్ధతి ప్రబలినది. ఆ పట్టికను చూచి పాలు, గోధుమ, కందిపప్పు, గ్రుడ్డు అన్నియు మాన్పించిన బిడ్డ బక్కచిక్కిపోవును. తిని హాయిగా నున్నదానిని మానుటచే ఉన్న ఓర్పును కోల్పోవను కూడ వచ్చును. జాడ వేఱు, జబ్బు వేఱు. తిన్నప్పుడు ఏమి జరిగినదన్న చరిత్ర లేని పరీక్షకు విలువ స్వల్పము.

మనవారికి జన్మతః ఏదో రక్షణ యున్నదని మురియుటకును వీలులేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున బడిపిల్లలను పరిశీలింపగా, ఆసియాలో పుట్టి వలసవచ్చిన పిల్లలకంటె, ఆసియా తల్లులకు ఆస్ట్రేలియాలోనే పుట్టిన పిల్లలలో జీడిపప్పు, బాదము వంటివి పడకపోవుట హెచ్చుగా కనబడెను. రక్తమొక్కటియే, నేల మాఱినది, పెంపకము మాఱినది. గోదావరి జిల్లాలనుండి కుమార్తెల పురుళ్ళకై మెల్‌బోర్నుకు, డల్లాసుకు పోవు అమ్మమ్మలు నేడెందఱో కలరు. వారు తమవెంట ఊరగాయలతోపాటు ఈ విషయమును గూడ తీసికొనిపోవుట మేలు.

ఇక నాచరణమునకు వత్తము. మొదట తల్లి విషయము. గర్భిణియు, బాలింతయు తమ యాహారమునుండి గ్రుడ్డు, పాలు, వేరుశనగ, చేపలు తొలగించినందున బిడ్డకు అలెర్జీ తప్పునని నిదర్శనము లేదు. తనకు స్వయముగా పడనిదానిని తప్ప తల్లి యేదియు మానవలసిన పనిలేదు. పథ్యము పేర బాలింతను పస్తుపెట్టుట ఆమెకు రక్తహీనతను తెచ్చునే కాని బిడ్డకు మేలు చేయదు. అంగన్‌వాడీ కేంద్రమున ఆమె పేర నిచ్చు గ్రుడ్డు ఆమెయే తినవలెను.

రెండవది చనుబాలు. మొదటి ఆఱుమాసములు తల్లిపాలు మాత్రమే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అలెర్జీని తల్లిపాలు నిశ్చయముగా ఆపునని చెప్పజాలము. కాని విరేచనములనుండి, శ్వాసరోగములనుండి కాపాడుటలో వానికి సాటిలేదు. పుట్టిన మొదటి దినములలో, పాలు పడలేదను తొందరతో, డబ్బాపాలు పట్టుట మంచిది కాదు. అలెర్జీ రాకుండ చేయునని చెప్పు ప్రత్యేకపు డబ్బాపాలు కలవు. వానివలన అట్టి రక్షణ కలుగునని 2016లో జరిగిన సమగ్ర పరిశీలనలో రుజువు కాలేదు. శిశువుల పాలడబ్బాలకు ప్రకటనలు చేయుటనే మన దేశమున 1992 నాటి చట్టము నిషేధించినదని పాఠకులు మఱవరాదు.

మూడవది అన్నము. ఆఱవ మాసమున బిడ్డ మెడనిలిపి, ఆనికతో కూర్చుండి, ముద్దకై చూచుచున్నచో ఆలస్యము చేయరాదు. మెత్తని అన్నము, పప్పు, రాగిజావ మొదలుపెట్టి, ఆ వారములలోనే ఒక్కొక్కటిగా పెరుగు, గోధుమ, నువ్వులపొడి, బాగుగా ఉడికిన గ్రుడ్డు, ముల్లుతీసిన చేప, వేరుశనగ అలవాటు చేయవచ్చును. వేరుశనగను వేయించి, పొట్టుతీసి, మెత్తగా నూరి, గోరువెచ్చని నీటితో పలుచచేసి, అన్నములోనో జావలోనో కలుపవలెను. బూజుపట్టిన గింజలు వాడరాదు. పలుకులుగా మాత్రము ఐదేండ్లలోపు పిల్లలకు పెట్టరాదు. గొంతునకు అడ్డుపడి ప్రాణము తీయగలవు. ఆఱవ మాసపు అన్నమునకు మేకమాంసము, తిత్తిరిమాంసము, నేతియన్నము, పెరుగును తేనెయు నేయియు కలిపిన అన్నము అని ఆశ్వలాయనుడు పలు విధములు చెప్పెను. ఆ వైవిధ్యము మెచ్చదగినదే. తేనె మాత్రము ఏడాదిలోపు బిడ్డకు నాకింపరాదు. అందుండు ఒక క్రిమి పసివారిలో ప్రాణాంతకమగు విషమును పుట్టించును. మాంసాహారము లేని యింట పప్పులు, పెరుగు, నువ్వులు, వేరుశనగలు చాలును. గ్రుడ్డుకొఱకు ఆచారము విడువుమని మేము చెప్పుట లేదు.

ఇందు నియమములు కొన్ని కలవు. క్రొత్త పదార్థమును బిడ్డ ఆరోగ్యముగా నున్న దినమున, పగటివేళ, చెంచా కొనతో మొదలిడి, రెండు గంటలు కనిపెట్టియుండవలెను. పడినదానిని మరల మరల, వారమునకు రెండు మూడు పర్యాయములు, పెట్టుచునే యుండవలెను. ఒకనాడు రుచిచూపి మాసములకొలది మానినచో ప్రయోజనము లేదు. తీవ్రమగు ఎగ్జిమా గల బిడ్డకును, ఇదివఱకే గ్రుడ్డు పడని బిడ్డకును వేరుశనగ పెట్టుటకు ముందు వైద్యునికి చూపి తీరవలెను. అట్టివారికి నాలుగు, ఆఱు మాసముల నడుమనే చూపించుట మేలు. ఏది తిన్నను పెదవులు వాచుట, ఒళ్ళు దద్దురెక్కుట, పలుమాఱు వాంతి యగుట కనబడినచో దానిని మాని వైద్యుని చూడవలెను. ఊపిరి బిగియుట, గొంతు మాఱుట, బిడ్డ వ్రేలాడిపోవుట కనబడినచో క్షణమైనను ఆగక 108కి ఫోను చేయవలెను. అప్పుడు ప్రాణము నిలుపునది అడ్రినలిన్ సూదిమందు, ఆకుపసరులు కావు. కోరుకొండనుండి రాజమహేంద్రవరమునకు ఇంచుమించు 20 కిలోమీటరులే. ఆ దూరమును దాటుటకు దృష్టిమంత్రము ముగియువఱకు వేచియుండరాదు.

నాలుగవది చర్మము. ఎగ్జిమా కనబడిన వెంటనే చికిత్స చేయించవలెను. పగిలిన చర్మముపై శనగపిండి, పెసరపిండి నలుగుపెట్టి రుద్దుటయు, వేరుశనగనూనె మర్దించుటయు మానదగినవి. పైన చెప్పిన దొడ్డిదారి అదియే. వాసనలేని లేపనమును వైద్యుడు చెప్పినట్లు పూయుట మేలు. పుట్టిననాటినుండి ప్రతి బిడ్డకును లేపనములు పూసినచో ఎగ్జిమాయే రాదను ఆశ కొంతకాలముండెను. అలెర్జీ కుటుంబములలోని 1,394 మంది ఇంగ్లీషు శిశువులపై చేసి 2020లో ప్రకటించిన పరీక్షలో ఆ యాశ ఫలింపలేదు. కనుక అట్టి సీసాలకై ధనము వ్యయింప పనిలేదు.

ఐదవది పొగ. 1947లో కేంద్ర పొగాకు పరిశోధనాలయము వెలసినది రాజమహేంద్రవరముననే. పొగాకు మన సీమకు సిరి తెచ్చినదనుట నిజము. కాని బిడ్డ పండుకొను గదిలో తాతగారి చుట్ట, తండ్రి సిగరెట్టు, పిల్లికూతల దగ్గునకును ఉబ్బసమునకును దారితీయునవి. తలంటిన పిమ్మట పసిబిడ్డను సాంబ్రాణి పొగలో ముంచుటయు మానవలసినదే. ఉబ్బసపు కుటుంబమునకు ఇది అన్నిటికంటె చౌకయైన చికిత్స. ఐనను అన్నిటికంటె కష్టముగా సాగునది ఇదియే, ఏలయన నియమము తల్లికి గాక తండ్రికి వచ్చి పడినది.

ఇవన్నియు చేసినను అలెర్జీ రాదని పూచీ యెవ్వరును పడజాలరు. లండను పరీక్షలో శ్రద్ధగా తిన్న బిడ్డలలోను కొందఱికి వచ్చినది. వచ్చినపుడు తల్లి యేదో తినుటచే వచ్చినదని ఆమెను నిందించుట అజ్ఞానము, అన్యాయము కూడ. మేము చెప్పునది ఒక్కటియే: భయపడి మాన్పుట రక్షణ కాదు, కాలమున, మితముగా, ఎడతెగక పెట్టుటయే నేడు తెలిసిన రక్షణ.

కొండదిగువ ఆ అమ్మమ్మ మమ్మొక ప్రశ్న యడిగెను: “మా రోజుల్లో ఇవన్నీ లేవు గదండీ?” లేవనుట పూర్తిగా నిజము కాదు, ఉబ్బసము చరకసుశ్రుతుల నాటినుండియు నున్నదే. కాని ఆమె మాటలో నిజము కొంత కలదు. ఆమె తల్లి ఒడిలో కూర్చుండి, తల్లి కంచములోని ప్రతి ముద్దకును చేయి చాచినది. పెరటి కోళ్ళనడుమ, పశువుల కొట్టములో ప్రాకినది. పశువులతో పెరిగిన బిడ్డలకు ఉబ్బసము తక్కువని ఐరోపాలోను, అమెరికాలోని ఆమిష్ కృషీవలులలోను పరిశోధకులు కనుగొనిరి. ఆనాటి పెంపకమున కలరా, ధనుర్వాతము వంటి మృత్యువులును గలవు. వానిని మరల కోరము. కోరదగినది ఆ కంచములోని ముద్ద.

మేము వైద్యులము కాము. ఆ బిడ్డ చెక్కిళ్ళపై మచ్చలున్నందున, ముందు రాజమహేంద్రవరమున శిశువైద్యునికి చూపి, పిమ్మట వేరుశనగ, గ్రుడ్డు మాట అడుగుడనియు, తల్లి ఆ పూటనుండియే పప్పన్నము తినవలెననియు మాత్రము చెప్పితిమి. అన్నమునకు అభ్యంతరమేమియు లేదంటిమి. అమ్మమ్మ కొంతసేపు కొండవంక చూచి, గిన్నెను మరల దగ్గఱకు తీసి, పరమాన్నపు మెతుకును వ్రేళ్ళతో మెత్తగా చిదిపి బిడ్డ నోట పెట్టెను. ఊరూర ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ ఉపాధ్యాయినులు, శిశువైద్యులు పాతసలహా రద్దయినదని ప్రతి గడపకును తెలుపుదురుగాక. ఈ వార్త ఆలస్యమైనకొలది బిడ్డలు తినవలసిన మాసములు గడచిపోవుచున్నవి.